సరిహద్దు దాటకుండానే వలసదారులు: అమెరికా లాటినో సినిమా, సంస్కృతి

లాటిన్ అమెరికా దేశాల్లోనో, స్పానిష్ మాట్లాడే కరీబియన్ దీవుల్లోనో మూలాలుండి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో జీవిస్తున్న జనాన్ని లాటినోలు అంటారు. 2020 జనగణన ప్రకారం వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. దేశ జనాభాలో ఇది 18.7 శాతం. వీరిలో సగానికి పైగా మెక్సికో మూలాలవారు. మిగతావారివి ప్యూర్టో రికో, క్యూబా, ఎల్ సాల్వడోర్, డొమినికన్ రిపబ్లిక్, గ్వాటెమాలా, కొలంబియా వంటి చోట్లు. ఆడ, మగ తేడా లేకుండా అందరికీ వర్తించేలా ‘లాటినెక్స్’ అన్న మాట ఈ శతాబ్దంలో విశ్వవిద్యాలయాల్లో, పత్రికల్లో వాడుకలోకి వచ్చింది. కానీ ప్యూ పరిశోధన సంస్థ 2023లో చేసిన సర్వేలో ఆ మాటతో తమను చెప్పుకుంటామన్న లాటినోలు 4 శాతమే. అందుకని ఈ వ్యాసంలో జనం నోట ఉన్న మాటనే వాడుతున్నాం.

వీరి గురించి వచ్చిన సినిమాలను, పాటలను, పుస్తకాలను చర్చించేటప్పుడు విమర్శకులు చాలావరకు ఒకే వరస పాటిస్తారు. ఊళ్లో బతుకు కష్టమవుతుంది, ఇల్లు విడుస్తారు, ఎడారి దాటుతారు, పరాయి ఇళ్లలో చాకిరీ చేసి పిల్లల్ని చదివిస్తారు, చివరికి ఆ దేశపు మనుషులైపోతారు. ఈ వరసలో వలస మొదటి మెట్టు, సొంతమనిపించుకోవడం చివరి మెట్టు. లాటినోల చరిత్ర గాని, వారి మంచి సినిమాలు గాని దీన్ని ఒప్పుకోవు. ఎన్నడూ వలస రానివాళ్లను కూడా ‘ఎక్కడి నుంచి వచ్చారు’ అని ఆ దేశం అడుగుతూనే ఉంది. సరిహద్దు దగ్గర ఒక్కసారి జరిగి ముగియాల్సిన తనిఖీ బళ్లో, ఫ్యాక్టరీలో, ఆడిషన్ గదిలో, వీధి మొగలో జీవితమంతా సాగుతోంది. దాటడాన్ని మాత్రమే చూపిన సినిమాలు వచ్చి పోయాయి. ఈ ఎడతెగని తనిఖీని చూపినవి నిలిచాయి. వలస కథనే అసలు కథగా పదే పదే చెప్పి, ఈ జనాన్ని నిత్యం కొత్తగా దిగినవాళ్లుగా నిలబెట్టడంలో సినిమా పరిశ్రమకూ వాటా ఉంది. ఈ వ్యాసం వాదన ఇదే.

చరిత్రతో మొదలుపెట్టాలి. 1846లో మొదలైన యుద్ధంలో మెక్సికో ఓడింది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం కుదిరేసరికి, అంతకుముందే పోయిన టెక్సస్‌తో కలిపి, ఆ దేశం సగానికి పైగా భూభాగాన్ని కోల్పోయింది. నేటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా, ఆరిజోనాలో ఎక్కువ భాగం, న్యూ మెక్సికో అలా చేతులు మారినవే. అక్కడ కాపురముంటున్న 80 వేల నుంచి లక్షమంది మెక్సికన్లు గడప దాటకుండానే వేరే దేశంలో పడ్డారు. ఏడాదిలోగా కాదనకపోతే వారు అమెరికా పౌరులేనని ఒప్పందంలో రాశారు. కాగితం మీద పౌరసత్వం వచ్చింది గాని, కొత్త కోర్టుల్లో హక్కు రుజువు చేసుకోలేక వేలమంది భూములు పోగొట్టుకున్నారు. తాము సరిహద్దును దాటలేదనీ, సరిహద్దే తమను దాటిందనీ మెక్సికన్ అమెరికన్ ఉద్యమకారులు చెప్పేది ఈ సంగతే. ప్యూర్టో రికోది మరో దారి. 1898లో స్పెయిన్‌తో యుద్ధం తరువాత ఆ దీవి అమెరికా చేతికొచ్చింది. 1917 చట్టంతో అక్కడివారంతా అమెరికా పౌరులయ్యారు. చట్టం దృష్టిలో ప్యూర్టో రికో నుంచి న్యూయార్క్ వెళ్లడం శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వెళ్లడం లాంటిదే. అయినా దీవిలో ఉన్నవారికి నేటికీ అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో కూలి అవసరమైనప్పుడు పిలవడం, అవసరం తీరాక వెళ్లగొట్టడం పద్ధతిగా సాగింది. 1930ల ఆర్థిక మాంద్యంలో లక్షల మందిని మెక్సికోకు తరలించారు. వారిలో చాలామంది అమెరికాలోనే పుట్టిన పౌరులు, ఎక్కువగా పిల్లలు. దీనికి కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది. యుద్ధకాలంలో పొలాల్లో మనుషులు చాలక 1942లో ‘బ్రసేరో’ పథకం పెట్టి, 1964 వరకు దాదాపు 46 లక్షల కూలి ఒప్పందాలు రాసుకున్నారు. ఆ మరుసటి ఏడాది, 1965లో, వచ్చిన వలస చట్టం తెలుగువారికీ బాగా సంబంధించినది. జాతుల వారీ పాత కోటాలను రద్దుచేసి మన డాక్టర్లకు, ఇంజినీర్లకు అమెరికా తలుపు తెరిచింది ఆ చట్టమే. అంతకుముందు లేని సంఖ్యాపరిమితిని పశ్చిమార్ధగోళ దేశాల మీద తొలిసారి పెట్టిందీ అదే. 1968లో అమల్లోకి వచ్చిన ఆ పరిమితి ఏడాదికి 1,20,000 మంది. ఏటా పంటల కాలానికి వచ్చి పనిచేసి వెళ్లే మనిషి, అదే దారిలో అదే పొలానికి వస్తూ, ఇప్పుడు చట్టవిరుద్ధమైన మనిషయ్యాడు. అతను చేసిన కొత్త నేరమేమీ లేదు. ఈ విషయం గుర్తుంటే ‘అక్రమ వలసదారు’ అన్న ముద్ర ఎక్కడ తయారైందో తెలుస్తుంది. 1994లో శాన్ డియేగో దగ్గర కంచె, కాపలా పెంచాక దారులు ఎడారిలోకి మళ్లాయి. ఎడారి చావులూ పెరిగాయి.

తెర మీద తొలి లాటినోలు దొంగలు, తాగుబోతులు, మోజుపడదగ్గ నర్తకులు. ఆ పాత్రల జాబితా చెప్పుకుంటూ పోతే ప్రయోజనం తక్కువ. రెండు సినిమాలను పక్కపక్కన పెడితే విషయం బోధపడుతుంది. 1961 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో న్యూయార్క్‌లోని ప్యూర్టో రికన్ కుర్రాళ్ల ముఠా ఉంది. అప్పటికి 44 ఏళ్లుగా వాళ్లు పౌరులు. సినిమా మాత్రం వాళ్లను ఓడ దిగిన విదేశీయుల్లాగే చూస్తుంది. మరియా పాత్ర నటాలీ వుడ్‌కు, ఆమె అన్న పాత్ర గ్రీకు మూలాలున్న జార్జ్ చకీరిస్‌కు దక్కాయి. ప్రధాన పాత్రధారుల్లో నిజమైన ప్యూర్టో రికన్ రీటా మొరేనో ఒక్కరే. ఆమె ముఖానికి కూడా ముఠాలో అందరికీ పూసిన గోధుమరంగునే పూశారు. సొంత ఒంటిరంగు చాలదనిపించుకుని, పైన మరో రంగు పూసుకుని నటించిన ఆమెకు ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. 60 ఏళ్ల తరువాత, 2021లో, స్పీల్‌బర్గ్ అదే కథను మళ్లీ తీసి ప్యూర్టో రికన్ పాత్రలకు లాటినో నటులనే పెట్టాడు. స్పానిష్ సంభాషణలకు సబ్‌టైటిళ్లు వేయలేదు. ఇంగ్లీషుకు పెద్దపీట వేసి స్పానిష్‌ను కింద కూర్చోబెట్టడం ఇష్టం లేకపోవడమే అందుకు కారణమని చెప్పాడు. మొరేనో వేసిన అనీటా పాత్రకే ఈసారి అరియానా డెబోస్‌కు ఆస్కార్ వచ్చింది.

రెండోది 1954 నాటి ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’. కమ్యూనిస్టులన్న ముద్రతో హాలీవుడ్ వెలివేసినవాళ్లు తీసిన సినిమా ఇది. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ కూడా వాళ్లలో ఒకడు. న్యూ మెక్సికోలోని జింకు గనిలో 1950 నుంచి 1952 దాకా జరిగిన సమ్మె దీనికి ఆధారం. పికెటింగ్ చేయరాదని కోర్టు గని కార్మికులను నిషేధిస్తే, వాళ్ల భార్యలు వచ్చి ఆ చోట నిలబడ్డారు. నటుల్లో ఎక్కువమంది ఆ కార్మికులే. నాయకుడి పాత్ర యూనియన్ అధ్యక్షుడు హువాన్ చకోన్‌ది. కథ మొదట్లోనే నాయిక తమ ఊరి పాత పేరు చెప్పి, కంపెనీ వచ్చాక దాన్ని జింక్ టౌన్‌గా మార్చారని చెబుతుంది. ఈ జనం ఎక్కడి నుంచో రాలేదు, కంపెనీయే వచ్చింది అన్నది ఆ ఒక్క వివరంతో స్థిరపడుతుంది. ఆ తరువాత కార్మికులు తెల్లవారితో సమాన వేతనం, సమాన భద్రత అడిగినా, ఇళ్లకు నీటి కుళాయిలు అడిగినా అది సొంత గడ్డ మీద హక్కు అడగడమే తప్ప ఆశ్రయం అడగడం కాదని ప్రేక్షకుడికి అర్థమవుతుంది. నాయికగా వేసిన మెక్సికో నటి రొసౌరా రెవెల్టాస్‌ను చిత్రీకరణ ముగియకముందే వలస అధికారులు అరెస్టు చేశారు. ఆమె మెక్సికో తిరిగి వెళ్లాల్సి వచ్చింది. సినిమా తయారయ్యాక ప్రదర్శించే థియేటర్లు దాదాపు దొరకలేదు. అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో దానికి చోటు దక్కింది 1992లో.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. దాటడం కల్పన కాదు. మనుషులు నిజంగానే నదుల్లో మునిగి, ఎడారిలో ఎండి చనిపోతున్నారు. ఆ కథ చెప్పడాన్ని తక్కువ చేయడం న్యాయమా? దీనికి జవాబు వలస సినిమాల్లో అన్నిటికన్నా గొప్పదైన ‘ఎల్ నోర్తే’లోనే ఉంది. గ్రెగరీ నావా 1983లో తీసిన ఈ చిత్రంలో గ్వాటెమాలా సైన్యం చేతిలో తండ్రిని పోగొట్టుకున్న ఇద్దరు మాయా ఆదివాసులు, అన్న ఎన్రికే, చెల్లెలు రోసా, ఉత్తరానికి పారిపోతారు. ఎలుకలు నిండిన మురుగు సొరంగంలో వాళ్లు పాకుతూ వెళ్లే దృశ్యం చూసినవారికి మరపురాదు. అయితే ఈ చిత్రం మూడు భాగాలు. సొరంగం రెండో భాగం చివర వస్తుంది, మూడో భాగమంతా లాస్ ఏంజెలెస్‌లో గడుస్తుంది. దాటేశాక మొదలవుతుంది అసలు కథ. నిజానికి తనిఖీ అంతకన్నా ముందే మొదలైంది. మెక్సికోలో పట్టుబడితే గ్వాటెమాలాకు తిప్పి పంపుతారు గనుక మెక్సికన్లుగా నటించమని ఊళ్లో ఒక పెద్దాయన సలహా ఇస్తాడు. మాట మాటకూ మెక్సికో తిట్టు ఒకటి తగిలిస్తే చాలంటాడు. ఆదివాసి భాష మాట్లాడే కుర్రాడు స్పానిష్ తిట్లు తెచ్చిపెట్టుకుని మరో దేశస్తుడుగా చలామణీ అవుతాడు. లాస్ ఏంజెలెస్ హోటల్లో ఎన్రికే బాగా పనిచేసి పైకి వస్తుంటే, అతన్ని వలస అధికారులకు పట్టించేది తెల్ల యజమాని కాదు, అసూయపడిన తోటి పనివాడు, అమెరికాలో పుట్టిన మెక్సికన్. నావా ఇందులో ఎవరినీ వదిలిపెట్టలేదు. సొరంగంలో ఎలుకలు కరిచిన ఫలితంగా సోకిన జ్వరం రోసాను నెలల తరువాత చంపుతుంది. సరిహద్దు ఆమె ఒంట్లోనే ఉండిపోయింది. సినిమా వచ్చిన కాలంలో గ్వాటెమాలా, ఎల్ సాల్వడోర్ శరణార్థుల దరఖాస్తుల్లో అమెరికా ఆమోదించినవి 3 శాతం లోపే. అదే దేశం 1980లో క్యూబా నుంచి పడవల్లో వచ్చిన లక్షా పాతిక వేల మందిని రానిచ్చింది. కమ్యూనిస్టు ప్రభుత్వం నుంచి పారిపోయి వస్తే శరణార్థి, అమెరికా మిత్రపక్షమైన సైన్యం నుంచి పారిపోయి వస్తే అక్రమ వలసదారు. అంటే పారిపోయి రావడం ఒకటే అయినా తనిఖీ ఒకటి కాదు.

‘ఎల్ నోర్తే’లో రోసాకు ఇళ్లలో పని ఇప్పించే నాచా పాత్రధారిణి లూపే ఒంటివేరోస్ గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. ఆమె 1942లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టిన అమెరికన్. డిగ్రీ చదివి, సామాజిక కార్యకర్తగా పనిచేసి నటనలోకి వచ్చింది. తన జీవితంలో పనిమనిషి పాత్ర 150 సార్లు వేసి ఉంటానని ఆమె లెక్క చెప్పింది. ఆడిషన్లకు వెళ్లి చక్కటి ఇంగ్లీషు మాట్లాడితే, యాస కావాలని అడిగేవారట. ఉన్న మాటతీరు దాచుకుని, లేని విదేశీయతను తెచ్చిపెట్టుకుంటేనే పని. ఎన్రికే మెక్సికన్‌గా నటించడానికీ, ఎల్ పాసో అమ్మాయి వలసదారుగా నటించడానికీ పెద్ద తేడా లేదు. ఒకరిని పోలీసులు అడిగారు, ఇంకొకరిని స్టూడియోలు అడిగాయి. సినిమా పరిశ్రమకూ వాటా ఉందని పైన అన్నది ఇందుకే. అదే ఒంటివేరోస్ 2002లో ‘రియల్ విమెన్ హ్యావ్ కర్వ్స్’లో తల్లిగా కనిపిస్తుంది. ప్యాట్రీషియా కార్డోసో తీసిన ఈ సినిమాలో ఎవరూ ఏ సరిహద్దూ దాటరు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న కుట్టు ఫ్యాక్టరీ, దాన్ని నడిపే అక్క, కొలంబియా విశ్వవిద్యాలయంలో సీటొచ్చిన చెల్లెలు అనా, ఆమెను పంపనని పట్టుబట్టే తల్లి. ఆడవాళ్లు పద్దెనిమిది డాలర్లకు కుట్టిచ్చిన గౌను పెద్ద దుకాణంలో ఆరు వందలకు అమ్ముడవుతుంది. ఉక్కపోత భరించలేక ఫ్యాక్టరీలోని ఆడవాళ్లంతా పైబట్టలు విప్పి, తమ తమ ఒళ్ల మీది చారలు, మడతలు ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునే దృశ్యంలో, ఇంటి చాకిరీ చేసే యాసమనిషిగా తప్ప చూడని శరీరాలను సినిమా మొదటిసారి తీరిగ్గా, ప్రేమగా చూస్తుంది. ఇందులో సొంతమనిపించుకోవడం దేశంతో తగువు కాదు, తల్లితో తగువు.

పుట్టి పెరిగినవాళ్లకు జరిగే తనిఖీని 1980ల చివరి సినిమాలు బాగా పట్టుకున్నాయి. 1987లో చీచ్ మారిన్ తీసి నటించిన ‘బార్న్ ఇన్ ఈస్ట్ ఎల్.ఏ.’లో పర్సు ఇంట్లో మరచిన ఒక పౌరుణ్ణి ఫ్యాక్టరీ దాడిలో పట్టుకుని మెక్సికోలోని టిహువానాకు పంపేస్తారు. అతనికి స్పానిష్ సరిగ్గా రాదు. హాస్యచిత్రమే గాని, 1930ల్లో లక్షల మందికి జరిగినదాన్ని అది గుర్తుచేస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’ గార్‌ఫీల్డ్ హైస్కూల్ లెక్కల మాస్టారు హైమే ఎస్కలాంతే కథ. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. 14 మంది కాపీ కొట్టారని పరీక్షా సంస్థ అనుమానించింది. ఒకే రకమైన తప్పులు కనిపించాయన్నది వాళ్లు చెప్పిన కారణం. 12 మంది మళ్లీ రాశారు, అందరూ మళ్లీ పాసయ్యారు. సంపన్న తెల్లవారి బడిలో అదే ఫలితం వస్తే అదే అనుమానం వచ్చేదా అన్నది సినిమా అడిగే ప్రశ్న. 1997లో నావాయే తీసిన ‘సెలీనా’లో ఈ తనిఖీ రెండువైపుల నుంచీ వస్తుంది. టెక్సస్‌లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగి, పాటల కోసం స్పానిష్ నేర్చుకున్న గాయని సెలీనా కింటనియా 23 ఏళ్లకే 1995లో హత్యకు గురైంది. సినిమాలో ఆమె తండ్రి, ప్రయాణంలో బండి నడుపుతూ, మెక్సికన్ల దగ్గర మెక్సికన్లను మించి, అమెరికన్ల దగ్గర అమెరికన్లను మించి ఉండాల్సి రావడం గురించి విసుగూ ఆవేశమూ కలిపి పిల్లలకు చెబుతాడు. మెక్సికో పత్రికల ముందు ఆమె తడబడే స్పానిష్ ఎక్కడ బయటపడుతుందోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మూలదేశం కూడా కాగితాలు అడుగుతుందన్న ఈ సంగతి, ఇతర దేశాల్లో పిల్లల్ని పెంచుతున్న ఏ సమాజానికైనా తెలిసిందే.

‘లాటినో’ అనే ఒక జనమే లేదనీ, బొలీవియా నుంచి వచ్చిన ఎస్కలాంతే మాస్టారికి, ప్యూర్టో రికో గాయకుడికి, గ్వాటెమాలా ఆదివాసికి ఒకే పేరు పెట్టడం జనగణన శాఖ చేసిన పని మాత్రమేననీ కొందరంటారు. 1980 జనగణనలో హిస్పానిక్ మూలాల గురించిన ప్రశ్న అన్ని ఇళ్లకూ చేరిందన్నది నిజమే. అంతకన్నా బలమైన అభ్యంతరం లోపలి వివక్ష గురించి. 2021లో లిన్ మాన్యుయెల్ మిరాండా నాటకం ఆధారంగా ‘ఇన్ ది హైట్స్’ వచ్చింది. న్యూయార్క్‌లో డొమినికన్లు అధికంగా ఉండే వాషింగ్టన్ హైట్స్ కథ అది. ఆ వీధుల్లో నల్లని ఒంటిరంగున్న లాటినోలు అడుగడుగునా కనిపిస్తారు, సినిమా ముఖ్యపాత్రల్లో మాత్రం వారికి చోటు లేదు. విమర్శ వచ్చిన కొద్ది రోజుల్లోనే మిరాండా బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఈ అభ్యంతరాల్లో సత్యం ఉంది. కానీ అవి ఈ వాదాన్ని ఇంకా బలపరుస్తాయి. ఈ జనాన్ని కలిపి ఉంచేది ఒకే రక్తం గాని, ఒకే దేశం గాని కాదు, ఒకే రకమైన అనుమానానికి గురికావడం. ఆ అనుమానం వాళ్లలో వాళ్లకూ పాకుతుంది. ‘ఎల్ నోర్తే’లో పట్టించిన పనివాడు చేసింది అదే, నల్లవారిని పక్కన పెట్టిన ఆడిషన్లు చేసిందీ అదే. దీన్ని దాచకుండా చూపినప్పుడే ‘లాటినో’ అన్న మాటకు నిజాయితీ ఉంటుంది.

మరో వాదం విజయాల పేరుతో వస్తుంది. 2014 నుంచి 2019 వరకు జరిగిన ఆరు ఆస్కార్ ఉత్సవాల్లో ఉత్తమ దర్శకుడి బహుమతి ఐదుసార్లు మెక్సికన్లకు దక్కింది. కువారోన్‌కు రెండుసార్లు, ఇన్యారిటుకు రెండుసార్లు, డెల్ టోరోకు ఒకసారి. ఇక కొరతేముంది? ఆ ముగ్గురూ గొప్ప కళాకారులే. కానీ వారు మెక్సికోలో పేరు తెచ్చుకుని హాలీవుడ్ పిలిస్తే వెళ్లిన దర్శకులు. లాస్ ఏంజెలెస్‌లో, శాన్ ఆంటోనియోలో పుట్టిన లాటినోల సంగతి వేరు. 2007 నుంచి 2018 వరకు బాగా ఆడిన 1,200 సినిమాలను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశీలిస్తే, మాటలున్న పాత్రల్లో లాటినోలు 4.5 శాతమే. అప్పటికి జనాభాలో వారి వాటా దాదాపు 18 శాతం. బయటి నుంచి వచ్చిన మేధావిని సన్మానించడం ఆ పరిశ్రమకు సులువు, ఇంటిమనిషిని ఇంటిమనిషిగా చూడటమే కష్టం. 2024 నాటి ‘ఎమిలియా పెరెజ్’ ఈ తేడాను ఇంకా బయటపెట్టింది. ఫ్రెంచి దర్శకుడు జాక్ ఓడియార్ ఎక్కువభాగం ఫ్రాన్స్ స్టూడియోల్లో తీసిన ఈ మెక్సికో కథకు 13 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. మెక్సికోలో మాత్రం తమ దేశంలో మాయమైన వేలాదిమంది బాధను అలంకారంగా వాడుకున్నారని కోపగించారు. కళకు సరిహద్దు ఉండదన్నది నిజమే. ఎవరైనా ఎవరి కథైనా చెప్పవచ్చు. చెప్పేవారికి ఎంత తెలుసో అడిగే హక్కు ఆ కథ ఎవరిదో వాళ్లకు ఉంటుంది. ‘కోకో’ అనే పిల్లల సినిమా విషయంలో జరిగింది చూడండి. 2013లో డిస్నీ సంస్థ మెక్సికన్ల పితృదేవతల పండుగ పేరు మీద ట్రేడ్‌మార్క్ కోరింది. నిరసనతో వెనక్కి తగ్గింది. ఎగతాళి బొమ్మ గీసి ఏకిపారేసిన కార్టూనిస్టు లాలో అల్కరాస్‌నే తరువాత ఆ సినిమాకు సలహాదారుగా పెట్టుకుంది.

2017లో విడుదలైన ఆ ‘కోకో’లో ఒక దృశ్యం ఈ వ్యాసానికి ముఖ్యం. పండుగనాడు చనిపోయినవాళ్లు బంతిపూల వంతెన మీదుగా ఇళ్లకు వస్తారు. వంతెనకు అటువైపు అచ్చం విమానాశ్రయంలో లాగా కౌంటర్లు, కెమెరాలు, యూనిఫాంలో అధికారులు. ఇంట్లో ఎవరైనా నీ ఫొటో పెట్టారా అని యంత్రం చూసి చెబుతుంది. పెడితే పచ్చజెండా. ఎవరూ ఫొటో పెట్టని ఎక్తోర్ అనే అతను చిత్రకారిణి ఫ్రీడా కాలో వేషంలో వచ్చి దొరికిపోతాడు. పిల్లల సినిమాలో మరణం తరువాత కూడా పాస్‌పోర్టు తనిఖీ ఉందన్నమాట. అక్కడ కాగితం ఇచ్చేది ప్రభుత్వం కాదు, గుర్తుపెట్టుకున్న మనుషులు. పెద్ద సంస్థ తీసిన సినిమా గనుక ఇది ఉత్త వినోదమనే వాళ్లున్నారు. ఆ ఒక్క దృశ్యం చాలు ఆ మాట తప్పని చెప్పడానికి. ఈ ఊహనే మరింత కఠినంగా, అంతకు చాలా ముందే, అలెక్స్ రివేరా ‘స్లీప్ డీలర్’లో చేశాడు. 2008లో వచ్చిన ఈ చిత్రంలో సరిహద్దు పూర్తిగా మూసేశారు. టిహువానాలో కూలీలు ఒంటికి తీగలు తగిలించుకుని అమెరికాలోని రోబోలను నడుపుతారు. చెమట ఇక్కడ, భవనం అక్కడ. పని దాటుతుంది, మనిషి దాటడు. కూలి కావాలి గాని కూలివాడు వద్దన్న కోరిక పూర్తిగా నెరవేరితే ఎలా ఉంటుందో రివేరా తేటగా చూపాడు. ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చిన హూలియో టోరెస్ తీసిన ‘ప్రాబ్లమిస్టా’లో నాయకుడు బొమ్మలు రూపొందించాలని కలలుగనే యువకుడు. వీసాకు స్పాన్సర్ దొరక్కపోతే గడువు అయిపోతుంది. వలస లాయరు ఆఫీసులో ఒక్కొక్కరి పేరున ఇసుక గడియారాలు ఉంటాయి. ఇసుక నిండుకోగానే మనిషి అక్కడికక్కడే మాయమైపోతాడు. ఉద్యోగం పోయాక 60 రోజుల్లో మరో కంపెనీ వెతుక్కోవాల్సిన హెచ్-1బి వీసా తెలుగు కుటుంబాలు ఈ దృశ్యాన్ని చూసి ఊరికే నవ్వి ఊరుకోలేవు. ఎడారి దాటినవారికీ, విమానంలో వచ్చినవారికీ మధ్య ఎంత దూరమున్నా ఇసుక ఒకటే.

ఇదంతా చట్టాలకు సంబంధించిన సంగతి, సినిమాలు ఏం చేస్తాయి అన్నది చివరి అభ్యంతరం. 2025 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో వలస అధికారులు వీధుల్లో పడి మనుషుల్ని ఆపి ప్రశ్నించారు. జాతి, స్పానిష్ మాట్లాడటం లేదా యాస, కార్లు కడిగే చోటు వంటి ప్రదేశం, చేసే పని అనే నాలుగు సంగతులను మాత్రమే ఆధారం చేసుకుని ఎవరినీ ఆపరాదని ఫెడరల్ కోర్టు జులైలో ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఆ నాలుగింటినీ మళ్లీ చదవండి. రంగు, యాస, చోటు, చాకిరీ. రీటా మొరేనో ముఖానికి పూసింది మొదటిది. లూపే ఒంటివేరోస్‌ను అడిగింది రెండోది. 150 సార్లు ఆమెకు ఇచ్చింది నాలుగోది. చట్టం చూసే చూపును సినిమా ఒక్కటే తయారుచేసిందని అనలేం. కానీ ఎవరు పౌరుడిలా కనిపిస్తారు, ఎవరు కనిపించరు అన్న అలవాటు కళ్లకు ఎక్కడో పడాలి. వంద సంవత్సరాలుగా ఆ దేశంలో ఆ అలవాటు చీకటి హాళ్లలోనే ఎక్కువగా పడింది. కాబట్టి దాన్ని మార్చే పనీ అక్కడ జరగాల్సిందే. సినిమా దీన్ని ఒంటరిగా చేయజాలదు, కానీ సినిమాను వదిలేస్తే అసలే జరగదు.

వలస ప్రసక్తి లేకుండా సొంతగడ్డ ప్రశ్న అడగడం ఇటీవల ప్యూర్టో రికో నుంచి బలంగా వినిపిస్తోంది. 2012 నుంచి ఆ దీవి ప్రభుత్వం బయటి పెట్టుబడిదారులకు భారీ పన్ను రాయితీలు ఇచ్చింది. ఇళ్ల ధరలు పెరిగి స్థానికులే ఖాళీ చేయాల్సి వస్తోంది. గాయకుడు బ్యాడ్ బన్నీ 2025 జనవరిలో విడుదల చేసిన ఆల్బమ్‌తో పాటు ఒక లఘుచిత్రం వచ్చింది. అందులో ప్రసిద్ధ దర్శకుడు, నటుడు హకోబో మొరాలెస్ ముసలాయనగా కనిపిస్తాడు. కాఫీ, రొట్టె కోసం తన పేటలోని బేకరీకి నడిచి వెళ్తాడు. కౌంటర్ వెనకనున్న అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతుంది. నగదు తీసుకోం అంటుంది. పక్కనున్న కుర్రాడు అతని బిల్లు కట్టి, మనం ఇంకా ఇక్కడే ఉన్నామని ధైర్యం చెబుతాడు. ఆ ముసలాయన ఎక్కడికీ వెళ్లలేదు. ఊరే అతన్ని వదిలి వెళ్లింది. 1848లో జరిగిందీ ఇదే. 2025 జులై నుంచి సెప్టెంబర్ వరకు బ్యాడ్ బన్నీ శాన్ హువాన్‌లో 30 ప్రదర్శనలు ఇచ్చాడు. మొదటి తొమ్మిదింటి టికెట్లు దీవిలో నివసించేవారికే అమ్మారు. ఇది కూడా తనిఖీయే కదా, మనిషి చిరునామా చూసి లోపలికి రానివ్వడమే కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ తనిఖీకి గురైనవాళ్లు తొమ్మిది రాత్రులు తమకోసం ఉంచుకుని, మిగతా 21 రాత్రులు అమెరికా నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చినవారందరికీ తలుపు తీసి ఉంచారు. ఆ వచ్చినవారిలో న్యూయార్క్, ఫ్లోరిడాలలో పుట్టి పెరిగిన ప్యూర్టో రికన్లూ ఉన్నారు. సెప్టెంబర్ 20న, 2017లో మరియా తుపాను దీవిని తాకిన రోజున, 31వ ప్రదర్శన మళ్లీ దీవివాసులకే పెట్టి, దాన్ని ఇంటర్నెట్‌లో ప్రపంచమంతటికీ చూపించారు.